మనవరాలి పేరు ‘ఎమోజీ’ కాదు, ఇమొజెన్

ప్రశ్న: మాస్టారూ, మాది తెనాలి. మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు ఆ దేశపు పిల్లే, మంచిది. పదిహేను రోజుల కిందట వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పేరు ‘ఇమోజెన్’ అనుకున్నామని ఫోన్లో చెప్పారు. నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. మా ఆడపడుచు వినగానే “అదేంటి వదినా, ఫోన్లో బొమ్మల పేరు పెట్టారా పిల్లకి?” అంది. అప్పట్నుంచి చుట్టాలందరూ “ఎమోజీ ఎలా ఉంది?” అని అడుగుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పేరుకి అర్థం ఏమిటని అబ్బాయిని అడిగితే “పాత పేరమ్మా, చాలా అరుదు, షేక్‌స్పియర్ వాడాడు” అన్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకచోట అమాయకురాలు అని, ఇంకోచోట ఆఖరి సంతానం అని ఉంది. మొదటి బిడ్డకి ఆఖరి సంతానం అని పేరా? పిల్లది కృత్తిక రెండో పాదం. అక్షరం కలిసిందనైతే పురోహితుడుగారు అన్నారు. రెండో పేరు నన్నే చెప్పమన్నారు. మా అత్తగారు సీతారావమ్మగారి పేరు పెట్టాలని నాకుంది, అది ఇంకా పొడుగైపోతుందేమో. వచ్చే ఆదివారం వీడియోకాల్లో బారసాల. నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు:

అమ్మా, మనవరాలు పుట్టినందుకు ముందు శుభాకాంక్షలు. ఆ తర్వాత మీ ఆడపడుచుగారి సంగతి చూద్దాం.

ఎమోజీ అన్నది జపాను మాట. ‘ఎ’ అంటే బొమ్మ, ‘మొజి’ అంటే అక్షరం. బొమ్మల అక్షరం అన్నమాట. మీ మనవరాలి పేరుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఈ పేరు ఫోన్లకంటే నాలుగు వందల ఏళ్ళు పెద్దది. అసలు ఈ గొడవంతా సగం మనం దీర్ఘం తీయడం వల్ల వచ్చింది. ఇంగ్లీషు పేరులో ‘ఓ’ అక్షరం కనిపిస్తే చాలు, మనం దీర్ఘం పెట్టేస్తాం. ఇంగ్లండులో ఈ పేరుని మొదటి అక్షరం మీద ఒత్తి, మధ్యలోది మింగేసి పలుకుతారు. చెవికి దాదాపు ‘ఇమజన్’ అని వినపడుతుంది. తెలుగులో రాయాలంటే హ్రస్వం పెట్టి ‘ఇమొజెన్’ అనండి చాలు. ఒకసారి అలా పలికి చూడండి, ఎమోజీ దానంతటదే దూరం జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పురోహితుడుగారి ముందు చెప్పొచ్చో లేదో మీరే చూసుకోండి. ఈ పేరు చాలావరకు ఒక అచ్చుతప్పు.

కంగారు పడకండి, చెప్తాను. షేక్‌స్పియర్ చివరి రోజుల్లో, సుమారు 1610లో, ‘సింబెలీన్’ అనే నాటకం రాశాడు. అందులో రాకుమారి పేరు ఇమొజెన్. ఆ నాటకం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1616లో ఆయన పోయాడు. 1623లో ఆయన నాటకాలన్నీ కలిపి ఒక పెద్ద పుస్తకంగా వేశారు. ఆ పుస్తకంలో చిట్టచివరి నాటకం ఇదే. మనకి ఆధారం ఆ ఒక్క ప్రతే. అందులో మొదట్నుంచి చివరిదాకా ‘ఇమొజెన్’ అనే ఉంది. కాకపోతే 1611లో ఈ నాటకాన్ని చూసిన ఒకాయన తన నోటుపుస్తకంలో కథ రాసుకున్నాడు. ఆయన రాసుకున్న పేరు ‘ఇన్నొజెన్’. ‘మ’ కాదు, ‘న్న’. ఆయన ఎవరో తెలుసా? సైమన్ ఫోర్మన్ అనే లండన్ జ్యోతిష్కుడు. పేరు విషయంలో పురోహితుడిని సంప్రదించిన మీకు ఈ సాక్షి నచ్చుతాడనుకుంటాను.

ఇంకో ఆధారం ఇంతకంటే తమాషాగా ఉంటుంది. 1600లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం ఇంకొకటుంది, ‘మచ్ ఆడూ అబౌట్ నథింగ్’. అందులో లియొనాటో అనే పెద్దమనిషి రంగం మీదికి వచ్చేటప్పుడు “ఆయన భార్య ఇన్నొజెన్” కూడా వస్తున్నట్టు రాసి ఉంది. ఆ మహాతల్లి నాటకం మొత్తం మీద ఒక్క మాట మాట్లాడదు. ఆమెతో ఎవరూ మాట్లాడరు. ఆమె కూతురికి పెళ్ళిపీటల ముందు అంత అవమానం జరిగితే కన్నతల్లి కిక్కురుమనదు! రచయిత ఒక పాత్ర అనుకుని, తర్వాత వదిలేసి, పేరు కొట్టేయడం మర్చిపోయాడని పండితులు అంటారు. ఇప్పుడు ‘సింబెలీన్’కి రండి. అక్కడ రాకుమారి భర్త పేరు పోస్ట్యుమస్ లియొనాటస్. లియొనాటో పక్కన ఇన్నొజెన్, లియొనాటస్ పక్కన ఇమొజెన్. రచయిత మనసులో ఆ జంట పేర్లు కలిసే ఉన్నాయన్నమాట.

మరి ‘న్న’ కాస్తా ‘మ’ ఎలా అయింది? ఆ కాలపు ఇంగ్లీషు చేతిరాత చూస్తే మీకే తెలిసిపోతుంది. అందులో ‘ఎన్’ అంటే రెండు నిలువు గీతలు, ‘ఎమ్’ అంటే మూడు, ‘ఐ’ అంటే ఒకటి. ఐ పక్కన రెండు ఎన్‌లు వస్తే మొత్తం ఐదు గీతలు. ఐ పక్కన ఎమ్ వస్తే నాలుగు. రాతప్రతి చూసి నకలు రాసేవాడో, అచ్చక్షరాలు పేర్చేవాడో ఒక్క గీత తక్కువ లెక్కపెట్టాడంటే పని అయిపోయింది. మన చేతిరాతలో ‘వు’, ‘మ’ చూడండి. ‘ధ’, ‘థ’ మధ్య ఉన్నది ఒక్క చుక్క. ఆ అక్షరాలు పేర్చేవాడు కూడా ఏ చీకటి గదిలోనో, సాయంత్రం పూట, తక్కువ జీతానికి పనిచేసే మనిషయి ఉంటాడు.

ఇందులో ఆశ్చర్యం ఏముంది లెండి. మా ఇంటిపేరులో ‘వ’ ఉండాలి. నా పదో తరగతి మార్కుల జాబితాలో గుమాస్తా చెయ్యి జారి ‘ప’ పడింది. దిద్దించడానికి మా నాన్న మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగి, నాలుగోసారి బస్సు చార్జీలకి ముఖం చిట్లించి మానేశారు. అదే స్పెల్లింగు డిగ్రీలోకి, ఉద్యోగంలోకి, ఆధార్‌లోకి, నా పిల్లల పాస్‌పోర్టుల్లోకి వెళ్ళిపోయింది. మా అన్నయ్య పిల్లలు ఇప్పటికీ ‘వ’ వాళ్ళే, మేం ‘ప’ వాళ్ళం. శుభలేఖలు వేసేటప్పుడల్లా చిన్న చర్చ.

1986లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు షేక్‌స్పియర్ నాటకాలన్నీ కొత్తగా పరిష్కరించి వేసినప్పుడు ఆ రాకుమారి పేరుని ధైర్యంగా ‘ఇన్నొజెన్’ అని దిద్దారు. అందరూ ఒప్పుకోలేదు. 1623 ప్రతిలో ప్రతిచోటా ఇమొజెన్ అనే ఉంటే తప్పని ఎలా అంటారని కొందరు అడుగుతారు. నాకు మాత్రం జ్యోతిష్కుడి మాట మీదే నమ్మకం. కాకపోతే అప్పటికే ఆలస్యమైపోయింది. వేల ఇళ్ళలో ఇమొజెన్‌లు పెరుగుతున్నారు, వాళ్ళనెవరు దిద్దుతారు?

మీకు కావలసిన అర్థం ఈ అచ్చుతప్పుకి వెనక్కి, ఇన్నొజెన్ దగ్గర దొరుకుతుంది. సుమారు 1136లో మన్‌మత్ ఊరివాడు జెఫ్రీ అనే ఆయన బ్రిటన్ రాజుల కథ లాటిన్‌లో రాశాడు. చరిత్ర కాదు, స్థలపురాణం అనుకోండి. ట్రాయ్ వంశంవాడైన బ్రూటస్ గ్రీకు రాజు కూతుర్ని పెళ్ళి చేసుకుని, ఓడలెక్కి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడ్డాడని, ఆయన పేరు మీదే ఆ దేశానికి బ్రిటన్ అని పేరొచ్చిందని కథ. ఆ గ్రీకు రాజు కూతురే ఇన్నొజెన్. కథ ప్రకారం బ్రిటన్‌కి మొట్టమొదటి రాణి. పుట్టిల్లు వదిలి ఓడెక్కినప్పుడు ఆమె ఓడ వెనక అంచున నిలబడి, ఒడ్డు కనపడినంతసేపూ చూసి, ఏడ్చి, మూర్ఛపోయిందట. మీ అబ్బాయిని విమానం ఎక్కించి వచ్చిన రోజు మీరూ ఇలాగే ఉండి ఉంటారు. షేక్‌స్పియర్ కాలంలో హాలిన్షెడ్ రాసిన చరిత్ర పుస్తకంలోనూ ఈ పేరుంది. షేక్‌స్పియర్ తన నాటకాలకి చాలా సరుకు అక్కణ్ణుంచే తెచ్చుకున్నాడు.

ఈ ఇన్నొజెన్ అనే మాట పాత ఐరిష్ భాషలోని ‘ఇంగెన్’ నుంచి వచ్చి ఉంటుందని పేర్ల నిఘంటువులు రాసేవాళ్ళలో ఎక్కువమంది ఊహ. ఇంగెన్ అంటే కూతురు, అమ్మాయి. అంతే. ఇంటర్నెట్‌లో మీరు చూసిన ‘అమాయకురాలు’, ‘ఆఖరి సంతానం’ వగైరాలన్నీ లాటిన్ మాటల పోలిక చూసి ఎవరో అతికించినవి. ఇన్నొ అని వినపడగానే ‘ఇన్నొసెంట్’ గుర్తొస్తుంది కదా, అలాగన్నమాట. పేర్ల సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టుకుంటాయి. వాటిని చూసి మొదటి బిడ్డ, చివరి బిడ్డ అని దిగులు పెట్టుకోకండి.

నాటకం కథ కూడా రెండు ముక్కల్లో చెప్తాను. మీ తోడికోడళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది. రాజు ఒప్పుకోకపోయినా ఇమొజెన్ తను కోరుకున్నవాణ్ణి పెళ్ళాడుతుంది. రాజు అల్లుణ్ణి దేశం నుంచి వెళ్ళగొడతాడు. ఆ అల్లుడు రోములో కూర్చుని, మా ఆవిడంత పతివ్రత లేదని పందెం కాస్తాడు. ఎదురుపందెం కాసిన దుర్మార్గుడు పెట్టెలో దాక్కుని ఆమె గదిలోకి చేరి, నిద్రపోతున్నప్పుడు చేతి కడియం తీసుకుని, ఒంటి మీది పుట్టుమచ్చ చూసుకుని వెళ్ళి, గెలిచానని చెప్తాడు. ఈ బుద్ధిమంతుడు నమ్మేస్తాడు! భార్యని చంపమని నౌకరుకి ఉత్తరం రాస్తాడు. నౌకరుకున్న బుద్ధి యజమానికి లేదు కాబట్టి ఆమె బతుకుతుంది. మగవేషం వేసుకుని కొండల్లో తిరుగుతుంది, చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు దొరుకుతారు, చివరికి నింద తొలగిపోతుంది. కడియం, అనుమానం, అడవి అనగానే మీవాళ్ళకి ఎవరు గుర్తొస్తారో నేను చెప్పక్కర్లేదు. నన్నడిగితే ఆ మొగుణ్ణి అంత తేలిగ్గా క్షమించకుండా ఉండాల్సింది.

నాటకంలోంచి పుట్టిన పేరంటే మనవాళ్ళు కొంచెం చులకనగా చూస్తారు, ‘పురాణంలో లేదుగా’ అని. వ్యాసభారతమంతా వెతికినా శశిరేఖ కనపడదు. అభిమన్యుడి భార్య అక్కడ ఉత్తర ఒక్కతే. బలరాముడి కూతురు శశిరేఖ మన జానపదుల పిల్ల, సురభివాళ్ళ మాయాబజార్ నాటకంలో ఊరూరా తిరిగిన పిల్ల. అయినా తెలుగుదేశంలో ఎంతమంది ఆ పేరు పెట్టుకోలేదు? ఇమొజెన్ కూడా ఇంగ్లీషువాళ్ళ శశిరేఖే అనుకోండి. కథ వల్ల అందరికీ తెలుసు, పెట్టుకునేవాళ్ళు కొందరు. ఇంగ్లీషులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వనెస్సా అనే పేరు జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత తనకి తెలిసిన ఒకామె ఇంటిపేరులో ముక్కా, ముద్దుపేరులో ముక్కా కలిపి తయారుచేసింది. 1726లో ఆమె మీద ఆయన రాసిన పద్యం అచ్చయ్యేదాకా ఆ పేరు లోకానికి తెలియదు.

మీ అబ్బాయి ‘చాలా అరుదు’ అన్నాడని రాశారు. అది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. రెండు వందల ఏళ్ళ పాటు ఇది పుస్తకాల్లోనూ నాటకాల్లోనూ ఎక్కువగా తిరిగింది. 1796లో ఒక భయానక గాథలో ‘ఇమొజీన్’ అనే అందగత్తె వచ్చింది, 1816లో లండన్‌లో ఆడిన ఒక విషాద నాటకంలో మళ్ళీ వచ్చింది, 1827లో బెల్లీనీ అనే ఇటలీ సంగీతకారుడు ఆ నాటకాన్నే సంగీతరూపకంగా చేశాడు. చూశారా, అచ్చుతప్పుకి ఇంకో తోక కూడా మొలిచింది. అమెరికాలో జనం ఎక్కువగా పెట్టుకున్నది చివర దీర్ఘం ఉన్న ఈ రూపమే. 1920లలో అక్కడ ఇది బాగానే వినపడేది. తొలినాటి అమెరికన్ టీవీలో అందరినీ నవ్వించిన ఇమొజీన్ కోకా 1908లో పుట్టినావిడ. తోక లేని ఇమొజెన్ మాత్రం అమెరికాలో ఎప్పుడూ తక్కువే. అక్కడి ప్రసిద్ధుల్లో నాకు వెంటనే గుర్తొచ్చేది ఇమొజెన్ కనింగ్‌హామ్. 1883లో పుట్టి, తొంభై దాటాక కూడా ఫొటోలు తీసిన ఆవిడ.

ఇంగ్లండు సంగతి వేరు. అక్కడ ఇరవయ్యో శతాబ్దం చివరికి ఇది బాగా పాకింది. 2000 తర్వాత చాలా ఏళ్ళపాటు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆడపిల్లలకి ఎక్కువగా పెట్టిన మొదటి వంద పేర్లలో ఉంది. కాబట్టి రేపు బడిలో మీ మనవరాలికి ఇంకో ఇమొజెన్ తగలొచ్చు. అదీ మంచిదే. అక్కడి టీచర్లు మన పిల్లల పేర్లు పలకలేక పడే అవస్థ ఈ పిల్లకి ఉండదు. అవస్థంతా తెనాలిలో మీకే.

మీ చుట్టాలకి చెప్పడానికి అన్నిటికంటే గట్టి జవాబు నా దగ్గర ఇంకోటుంది. గుస్తావ్ హోల్‌స్ట్ అని గొప్ప ఇంగ్లీషు సంగీతకారుడు. ఋగ్వేద సూక్తాలకి బాణీలు కట్టాలన్న కోరికతో సంస్కృతం నేర్చుకుని, తనే అనువాదం చేసుకున్నాడు. మన సావిత్రి, సత్యవంతుల కథని సంగీతరూపకంగా రాశాడు. దాని పేరే ‘సావిత్రి’. ఆయనకి ఒక్కతే కూతురు, 1907లో పుట్టింది. ఆ పిల్లకి ఆయన పెట్టుకున్న పేరు ఇమొజెన్. ఆమె కూడా సంగీతంలో పేరు తెచ్చుకుంది. 1950 చివర్లో శాంతినికేతన్‌కి వచ్చి కొన్ని వారాలు ఉండి మన సంగీతం నేర్చుకుని వెళ్ళింది. వేదం చదివినాయన తన కూతురికి పెట్టుకున్న పేరంటే మీ ఆడపడుచుగారు ఇంక మాట్లాడరు. మాట్లాడితే నాకు మళ్ళీ రాయండి.

ఇక రెండో పేరు. సీతారావమ్మగారి పేరు మొత్తం పెట్టకండి, పిల్ల ఫారాలు నింపలేక చస్తుంది. ‘సీత’ అని పెట్టండి. ఇమొజెన్ సీత. పొడుగు పేరు పక్కన పొట్టి పేరు బాగా కుదురుతుంది, పైన కథ చెప్పాను కాబట్టి జత కూడా కుదురుతుంది. ఒక్క జాగ్రత్త. మనం ‘త’ కోసం ఇంగ్లీషులో టి పక్కన హెచ్ రాస్తాం. ఇంగ్లండులో అది చూస్తే ‘సీథ’ అని చదువుతారు. హెచ్ లేకుండా రాయించండి. వాళ్ళు ‘సీటా’ అన్నా పరవాలేదు, వాళ్ళ నోటికి మన ‘త’ ఎలాగూ రాదు. అక్కడ బిడ్డ పుట్టిన 42 రోజుల్లోపు పుట్టుక నమోదు చేయించాలి. ఈలోపే స్పెల్లింగు తేల్చేయమని అబ్బాయికి చెప్పండి. పాస్‌పోర్టుకి, రేపు విదేశాల్లోని మన సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకి అన్నిటికీ అదే స్పెల్లింగు ఉండాలి. నా ‘ప’ గుర్తుందిగా.

కోడలికి మాత్రం ఈ అచ్చుతప్పు గొడవ ముందు చెప్పకండి. చక్కగా పేరు ఏరుకున్న బాలింతకి మొదటి మాటే అది చెప్తే బాగుండదు. ఏడాది పోయాక, కాఫీ తాగుతూ చెప్పండి. నవ్వుతుంది.

ఇంట్లో పిలుచుకోవడానికి మీకు వేరే ముద్దుపేరు వెతుక్కోవాల్సిన పని లేదనుకుంటాను. మన ఇళ్ళలో ఆడపిల్లని ఎలాగూ ‘అమ్మాయీ’ అనే పిలుస్తాం. అసలు పేరుకి అర్థం కూడా అదే. మీరు పిలిస్తే పాత ఐరిష్‌లో పిలిచినట్టే.

ఆదివారం పళ్ళెంలో బియ్యం పోసి మీ అబ్బాయి ఉంగరంతో పేరు రాస్తాడు కదా, వీడియోలో మీరు పక్కనుండి అక్షరాలు చెప్పండి. ఇ. మ కి ఒత్వం పెట్టాలి, దీర్ఘం వద్దు. జ కి ఎత్వం. చివర న మీద పొల్లు. బియ్యంలో ఆ పొల్లే ముందు చెరిగిపోతుంది, ఒక గింజ జరిగితే చాలు. పళ్ళెం కదపకముందే ఫొటో తీయించండి. లేకపోతే ‘ఇమొజెన’ అయి కూర్చుంటుంది, ఇంకో నాలుగు వందల ఏళ్ళు పండితులు కొట్టుకుంటారు.